అతుకు పట్టే చేతుల దగ్గర

మా పరిశోధన గైడు మేడం పంపితే గూడూరు వెళ్లాను. రైల్వే జంక్షన్ ఉన్న గూడూరు కాదు, కర్నూలు జిల్లా కోడుమూరు పక్కనున్న నేతగాళ్ల ఊరు. ఎమ్మిగనూరు చేనేతంటే తెలియనివారు తక్కువ. మాచాని సోమప్ప గారు 1938లో అక్కడ పెట్టిన సహకార సంఘం గురించి ఎంతోమంది రాశారు. గూడూరు గురించి రాసినవాళ్లు అరుదు. నేత కుటుంబాల ఆదాయం, అప్పులు, పిల్లల చదువుల మీద ఇంటర్వ్యూలు చేయడం నా పని. ప్రశ్నల పట్టిక సంచిలో ఉంది.

ఊరంతా తిరగాల్సినదాన్ని ఒక ఇంట్లోనే కూర్చుండిపోయాను. అక్కడ ఒక అవ్వ కొత్త పడుగుకు అతుకు పడుతోంది. నేసిన పడుగు కొసలను అచ్చులో అలాగే ఉంచి, కొత్త పడుగులోని ఒక్కో పోగునూ పాత పోగుతో కలపాలి. రెండు కొసలనూ బొటనవేలికీ చూపుడువేలికీ మధ్య పట్టి, కాస్త బూడిద అద్ది, ఒక్క మెలి తిప్పి వదిలేస్తుంది. ముడి వేస్తే ఆ లావుకు పోగు అచ్చు పళ్లలో ఇరుక్కుంటుంది. అలా వేల పోగులు. ఆ వేళ్ల వేగాన్ని చూస్తూ సంచిలోని పట్టిక సంగతే చాలాసేపు తలచుకోలేదు.

పక్కనే గుంట మగ్గంలో తాత గద్వాల రకం చీర నేస్తున్నాడు. ఒళ్లు నూలు, అంచు పట్టు. రెండు అంచులకు రెండు నాడెలు, ఒంటికి ఇంకొకటి. అంచు పేకనూ ఒంటి పేకనూ వరసవరసకూ మెలేసుకుంటూ పోవాలి. కుప్పడం పని అంటే అదే.

"ఇంట్లో నేత పని చేసేవాళ్లు ఎంతమంది తాతా?" అని అడిగాను.

"నేనొక్కణ్ణే" అన్నాడు.

అవ్వ తల ఎత్తలేదు. నేనూ రెండో ప్రశ్నకు పోలేదు. కాసేపు మగ్గం చప్పుడు తప్ప మరో మాట లేదు. అప్పుడు అవ్వే అందుకుంది.

"మరి నేనేం ఆడుకుంటాండానా? కండెలు సుట్టేది నేను, ఆసు పోసేది నేను, అతుకు పట్టేది నేను. మజూరి మాత్రం ఆయప్ప సేతికిస్తారు."

"నీ పేరు కూడా రాసుకోనా అవ్వా, నేత పనిలో?"

"రాసుకో తల్లీ. పెండ్లయినప్పట్నించీ సేస్తాండా. అడిగినోళ్లే లేరు."

తాత కాదనలేదు. నాడె ఆపి, "రాసుకోమ్మా, ఆమె లేకుంటే మగ్గమాడదు" అన్నాడు.

పరిశోధక విద్యార్థిగా నాలో వచ్చిన ఎదుగుదల ఆ మౌనంతో మొదలైంది. అంతకుముందు జవాబు ఆలస్యమైతే ప్రశ్నను ఇంకోలా అడిగేదాన్ని. ఇప్పుడు ఆగుతున్నాను. పని మానిపించి ఎదురుగా కూర్చోబెట్టుకోకుండా, పని సాగుతున్నచోటే కూర్చుంటున్నాను. ఎవరు మాట్లాడారో రాసుకున్నట్టే ఎవరు మాట్లాడలేదో కూడా రాసుకుంటున్నాను. తర్వాత ఆదోని వైపు పల్లెల్లో గుంటూరుకు మిరప కోతలకు వలస పోయే కుటుంబాలతో మాట్లాడినప్పుడు ఈ అలవాటే అక్కరకొచ్చింది. కూలి ఎంతని అడిగితే మగవాళ్లు చెప్పారు. బడి మానేసిన బిడ్డ సంగతి, పొయ్యి దగ్గర కూర్చున్నాక తల్లి చెప్పింది.

లెక్కలు అనవసరమని నేననను. 2019-20 నాలుగో అఖిల భారత చేనేత గణన ప్రకారం దేశంలోని 35 లక్షలకు పైగా చేనేత కార్మికుల్లో 70 శాతానికి మించి స్త్రీలే. ఆ లెక్క విలువైనది. కానీ అందులో ఒక స్త్రీ తన పనిని తాను ఎలా చూసుకుంటుందో, మజూరి చేతికి రాకపోతే ఏమనుకుంటుందో తెలియాలంటే ఆమె పక్కన కూర్చోవాల్సిందే. మనకు ఆ దారి కొత్తదీ కాదు. తెలంగాణ సాయుధ పోరాటంలో పాల్గొన్న స్త్రీలను కలిసి, వాళ్ల మాటల్లోనే వాళ్ల అనుభవాలను స్త్రీ శక్తి సంఘటన 1986లో 'మనకు తెలియని మన చరిత్ర'గా తెచ్చింది. అంతటి పుస్తకం తెలుగులో ఉండగా, మన విద్యార్థులు ఇంటర్వ్యూ అంటే ఫారం నింపడమేనని అనుకోవడం నాకు బాధగా ఉంటుంది. వినడం నేర్పే తరగతి మన చదువుల్లో దాదాపు లేదు.

ఇంకో మాట కూడా గూడూరులోనే చెవిన పడింది. అరుగు మీద ఒక కుర్రాడు పక్కవాడితో అంటున్నాడు: "శానామంది వచ్చి రాసుకోని పోయినారు. ఏం రాసినారో సూపిచ్చినోడు ఒక్కడూ లేడు." ఆ ఫిర్యాదు న్యాయమైనది. మగ్గం పక్కన గంటలు గంటలు చెప్పించుకున్న మాటలు ఇంగ్లిషు సిద్ధాంత గ్రంథమై లైబ్రరీ బీరువా చేరితే, చెప్పినవాళ్లకు దక్కిందేమిటి? మనకు డిగ్రీ వస్తుంది. వాళ్లకు పోయిన పని గంటలు మిగులుతాయి.

అందుకే గైడ్లకూ విశ్వవిద్యాలయాలకూ నా విన్నపం ఒక్కటే. ఊళ్లో చేసిన ప్రతి పరిశోధననూ తెలుగులో నాలుగు పేజీలుగా రాయించి, చెప్పినవాళ్ల ముందు చదివించండి. వాళ్లు సరిదిద్దినవి చేర్చాకే గ్రంథాన్ని ఆమోదించండి.