పారతో మొదలయ్యే కుస్తీ

హౌరా వంతెన పక్కన మల్లిక్ ఘాట్ పూల బజారులో బంతిపూల గంపలు తప్పించుకుంటూ నది ఒడ్డుకు వెళితే సియారాం అఖాడా. జనవరి ఉదయం, హుగ్లీ మీద మంచు ఇంకా విడలేదు. కుస్తీ చూద్దామని వెళ్లినవాణ్ణి చాలాసేపు మట్టిపని చూశాను.

లంగోటీ బిగించిన కుర్రాడొకడు పారతో గోదా తవ్వుతున్నాడు. రాత్రికి గట్టిపడిన మట్టిని ఒక మూల నుంచి వరసగా పెళ్లగించుకుంటూ వచ్చి, సగం దాకా అయ్యాక పార ఇంకొకడికి ఇచ్చాడు. పడ్డవాడికి దెబ్బ తగలకుండా నేల గుల్లబారుతుంది, తవ్వినవాడికి నడుము, మోకాళ్లు, భుజాలు అన్నీ కదులుతాయి. ఆ చలిలోనూ వాడి వీపు చెమటతో తడిసింది.

తర్వాత దండీలు, బస్కీలు. మొదట్లో నిదానంగా, పూర్తిగా కిందికి దిగకుండా. ఊపిరి కుదురుకున్నాక జోరుగా. ఆపైన జంటలుగా పట్లు, అవీ సగం బలంతోనే. అసలు పోటీ అన్నిటికన్నా ఆఖర్న.

‘‘చలికాలం దండీలు ఇంకా పెంచుతాం బాబూ. చల్లటి ఒంటితో వీణ్ణి గోదాలోకి దింపితే వాడి భుజం నేనే విరిచినట్టు’’ అన్నారు గురూజీ.

వ్యాయామ శాస్త్రం చెప్పేదీ ఇదే. కదిలేకొద్దీ కండరాలకు రక్తం ఎక్కువగా అందుతుంది. వేడెక్కిన కండరం చురుగ్గా ముడుచుకుంటుంది, సులువుగా సాగుతుంది. కీళ్లలోని జిగురు ద్రవం పలచబడుతుంది. అదే కదలకుండా నిలబడి ఒక్కో కండరాన్ని నిమిషానికి పైగా సాగదీస్తే, కాసేపు దాని బలం కొంచెం తగ్గుతుంది. అందుకే అలాంటివి వ్యాయామం అయ్యాక చేయడం మేలు. ఫుట్‌బాల్ ఆటగాళ్ల కోసం ఫిఫా తయారుచేయించిన ‘11 ప్లస్’ కూడా 20 నిమిషాల కదలికలే: నెమ్మది పరుగు, బలానికీ నిలకడకూ కసరత్తులు, చివర్న వేగం పరుగు.

గోబర్ గోహోగా పేరుపడ్డ జతీంద్ర చరణ్ గుహ ఈ నగరపు మల్లుడే. 1921లో శాన్‌ఫ్రాన్సిస్కోలో ఆడ్ సాంటెల్‌ను ఓడించి ప్రపంచ టైటిల్ గెలిచాడు. కోడి రామ్మూర్తి పుట్టిన మన ఉత్తరాంధ్రలోనూ గరిడీకి వెళ్లినవాడు ముందు దండీలు, బస్కీలు తీయాల్సిందే. ఆఫీసు కుర్చీలోంచి లేచి నేరుగా బరువుల దగ్గరికి వెళ్లే మన కుర్రాళ్లకు ఈ క్రమం చూపించాలని నాకు గట్టిగా అనిపించింది. జిమ్‌లో పార అక్కర్లేదు. ఎత్తబోయే బరువుకు ముందు ఖాళీ రాడ్‌తో అదే కదలిక పదిసార్లు చేసినా ఎంతో నయం.

పూల మోత దించి వచ్చిన ఒక కూలీ మట్టిలోకి దిగబోతే గురూజీ ఆపారు. పొద్దున్నుంచీ బరువు మోసినవాడు కదా, ఒళ్లు వేడిగానే ఉండదా అని అడిగాను.

‘‘కాళ్లు వేడెక్కాయి, మెడ వేడెక్కింది. గంప పట్టుకున్న చేతులు మాత్రం పైకి లేచినవి లేచినట్టే ఉన్నాయి. కుస్తీలో భుజం అన్ని వైపులకూ తిరగాలి’’ అని అతని చేతికి గద ఇచ్చి, వీపు వెనకనుంచి తిప్పించడం మొదలుపెట్టారు.