సాన పట్టేవాడి పేరు

యమునకు అవతలి ఒడ్డున, తూర్పు ఢిల్లీలోని ఒక మధ్యతరగతి కాలనీలో ఆదివారం ఉదయాలకు ఒకప్పుడు ఒక కేక ఉండేది. 'చాకూ, ఛురీ, కైంచీ తేజ్ కరా లో' అంటూ సైకిల్‌ను నడిపించుకుంటూ ఒక మనిషి వచ్చేవాడు. వేపచెట్టు కింద స్టాండు వేసి సీటు మీద కూర్చుని పెడల్ తొక్కితే, ముందు బిగించిన సానచక్రం బెల్టు మీద గిర్రున తిరిగేది. నిప్పురవ్వలు చూడడానికి పిల్లలు మూగేవారు. ఇప్పుడు ఆ కేక లేదు. ఏడాది క్రితం కాలనీ సంక్షేమ సంఘం ఒక తీర్మానం చేసింది. వీధి వర్తకులు, చేతివృత్తుల వారు లోపలికి రావాలంటే గేటు దగ్గరి పుస్తకంలో పేరు, తండ్రి పేరు, స్వస్థలం రాసి ఆధార్ కార్డు చూపించాలి. భద్రత కోసమే అన్నారు. సమావేశానికి వచ్చిన వారందరూ సంతకాలు చేశారు. నాలుగు దశాబ్దాల క్రితం నిజామాబాద్ జిల్లా నుంచి రాజధానికి చేరి, కేంద్ర ప్రభుత్వ కార్యాలయంలో ఉద్యోగ విరమణ చేసిన ఒక పెద్దమనిషి సంతకం కూడా అందులో ఉంది.

ఆ తీర్మానం ఫలితం ఆయన ఇంట్లో మొదట కనిపించినది వంటగదిలో. వానకాలం ముగిసేసరికి కత్తి పూర్తిగా మొద్దుబారింది. 'ఇది కత్తి కాదు, గరిటె అయింది. టమాట తెగుత లేదు, పిసుకుతున్నది' అని భార్య రెండుసార్లు చెప్పింది. మూడోసారి చెప్పలేదు, వేలికి కట్టు కట్టుకుని కనిపించింది. మొండి కత్తి ప్రమాదం లేనిదని అనుకోవడం పొరపాటు. పదునున్న కత్తి తన బరువుతోనే దిగుతుంది. మొండి కత్తిని బలంగా నొక్కాలి. నొక్కిన కత్తి కూరగాయ నున్నటి తొక్క మీద జారుతుంది, జారినప్పుడు ఆ బలమంతా వేలి మీద పడుతుంది.

పరిష్కారం ఫోన్‌లో దొరికింది. అరచేతిలో ఇమిడే సాన పరికరం ఒకటి మర్నాటికే ఇంటికి వచ్చింది. ప్లాస్టిక్ పిడి, దానిపై 'వి' ఆకారంలో రెండు గాడులు. ఒకదానిలో టంగ్‌స్టన్ కార్బైడ్ పలకలు, రెండోదానిలో పింగాణీ కడ్డీలు. కత్తిని గాడిలో పెట్టి నాలుగుసార్లు లాగితే చాలని పెట్టె మీద రాసి ఉంది. ఆయన నలభైసార్లు లాగాడు. ఆ రోజు టమాటా అద్భుతంగా తెగింది. రెండు వారాలకు మళ్లీ పిసకడం మొదలైంది. మళ్లీ లాగాడు. మూడు నెలలు గడిచేసరికి కత్తి అంచు రంపంలా గరుకెక్కింది, మధ్యలో చిన్న గుంట పడింది. కత్తిని పలక మీద ఆనిస్తే గుంట పడిన చోట కొత్తిమీర తెగకుండా పోగుల్లా వేలాడేది.

ఇందులో పరికరం చేసిన మోసమేమీ లేదు, దాని స్వభావమే అది. కార్బైడ్ పలకలు ఉక్కును నూరవు, గీకుతాయి. ఒక్కసారి లాగితే కంటికి కనిపించేంత లోహపు పొడి రాలుతుంది. కోణం ముందే బిగించి ఉంటుంది కనుక ఏ కత్తి వచ్చినా దాన్ని తన కోణానికే వంచుకుంటుంది. అత్యవసరానికి, చవక కత్తికి, ప్రయాణంలో పండ్లు కోసుకోవడానికి అది చాలు. రోజూ వాడే మంచి కత్తికి మాత్రం పింగాణీ గాడి వరకే పరిమితం కావాలి, అదీ తేలిక చేత్తో. పళ్లున్న రొట్టెల కత్తిని అందులో పెట్టనే కూడదు. ఈ సంగతులు పెట్టె మీద లేవు. ఆయనకు అవి చెప్పినవాడు మెట్రో స్టేషన్ పక్కన, మార్కెట్ గోడ నీడలో దొరికాడు. కాలనీలోకి రావడం మానేసిన ఆ సైకిల్ మనిషే.

అతడు కత్తిని వెలుతురుకు ఎత్తి పట్టి ఒక కన్ను మూసి అంచు పొడవునా చూశాడు. 'దీన్ని ఎవరో దువ్వెనతో దువ్వారు బాబూజీ' అన్నాడు. చక్రం మీద గుంట సరిచేస్తూ, అంచు వేడెక్కకుండా మాటిమాటికీ డబ్బాలోని నీటిలో ముంచాడు. వేడికి అంచు నీలం రంగు తిరిగిందంటే ఉక్కు తన గట్టితనం కోల్పోయినట్టే. ఆ తరువాత పదును ఎంత పెట్టినా నిలవదు. తొందరలో ఉన్న సానవాడికీ, పని తెలిసిన సానవాడికీ తేడా ఆ నీళ్ల డబ్బాలోనే ఉంది.

ఇంటి కోసం ఏది కొనాలని అడిగితే అతడు తన బేరం చూసుకోలేదు. హార్డ్‌వేర్ దుకాణంలో దొరికే రెండు వైపుల కార్బొరండమ్ రాయి చూపించాడు. ఒక వైపు గరుకు, మరో వైపు నునుపు. దాని ఖర్చు కంపెనీ పేరున్న ప్లాస్టిక్ పరికరాల కంటే ఎక్కువేమీ కాదు, ఆయుష్షు మాత్రం కొన్నేళ్లు. ఇంకా మంచిది కావాలనుకునేవారు నీటి సానరాళ్లు కొనుక్కోవచ్చు. వాటిపై అంకెలుంటాయి. అంకె పెరిగేకొద్దీ రాయి నునుపు పెరుగుతుంది. అంచు విరిగిన కత్తికి 400, మామూలు పదునుకు 1000, మెరుగు పెట్టడానికి 3000 లేదా ఆపైన. ఒక్క రాయే కొనేవారికి 1000 చాలు. ప్రయాణాలు చేసేవారికి జేబులో పట్టే వజ్రపు పొడి అద్దిన ఉక్కు పలకలు నయం. అవి పగలవు, అరిగి గుంటపడవు, నీళ్లు లేకున్నా పనిచేస్తాయి. వంటకత్తుల సెట్లతో వచ్చే పొడవాటి ఉక్కు కడ్డీని చాలామంది సాన అనుకుంటారు. అది పదును పెట్టేది కాదు, వాడకంలో పక్కకు ఒరిగిన అంచును నిలబెట్టేది. ఏదీ లేనిచోట పింగాణీ కప్పు బోర్లించినా సరిపోతుంది. అడుగున మెరుగు లేని గరుకు వలయం సన్నటి సానరాయితో సమానం.

వాడకంలో అసలు కిటుకు కోణం. వంటింటి కత్తికి ఒక్కో వైపు దాదాపు 20 డిగ్రీలు, జపాన్ తరహా పలుచటి కత్తికి 15. కాగితపు మూలను ఒకసారి మడిస్తే 45, మరోసారి మడిస్తే ఇరవై రెండున్నర వస్తుంది. ఆ మడతను రాయి పక్కన నిలబెడితే కొలబద్ద చేతిలో ఉన్నట్టే. నాలుగున్నర సెంటీమీటర్ల వెడల్పున్న కత్తికైతే వెన్ను రాయి నుంచి ఒకటిన్నర సెంటీమీటరు ఎత్తు లేస్తే చాలు. అంచుకు మార్కర్ పెన్నుతో రంగు పూసి రెండు సార్లు నూరితే, రంగు ఎక్కడ చెరిగిందో అక్కడ రాయి తగులుతున్నదని అర్థం. ఒక వైపు నూరుతుంటే కాసేపటికి రెండో వైపు అంచున సన్నటి గరుకు లేస్తుంది. బొటనవేలిని అంచుకు అడ్డంగా, వెన్ను నుంచి బయటికి జరిపితే అది తెలుస్తుంది. ఆ గరుకు మడమ నుంచి మొన దాకా వచ్చేవరకూ రెండో వైపు తిప్పకూడదు. చివర్లో ఒక్కో వైపు ఒక్కో దెబ్బ చొప్పున, బరువు తగ్గిస్తూ ఆ గరుకును తీసేయాలి. వార్తాపత్రిక అంచును చింపకుండా కోస్తే పని ముగిసినట్టు.

'మేమే నేర్చుకుంటే నీకు గిరాకీ ఎట్లా?' అని పెద్దమనిషి అడిగాడు. 'అంచు మీరు చూసుకోండి బాబూజీ. మొన విరిగితే, కత్తెర వదులైతే నా దగ్గరికే వస్తారు' అన్నాడతడు. కాలనీలోకి ఎందుకు రావడం లేదని మాత్రం ఆయన అడగలేదు. జవాబు తెలిసిన ప్రశ్న అది.

వెంట తీసుకుపోయే సాన నిన్నటి వస్తువు కాదు. నేపాలీల కుక్రీ ఒరలో అసలు కత్తితోపాటు రెండు చిన్న పనిముట్లుంటాయి. ఒకటి కర్దా అనే చిన్న చాకు, రెండోది చక్‌మక్. చక్‌మక్‌కు పదునుండదు. కుక్రీ అంచును సరిచేయడానికి, చెకుముకి రాయి మీద కొట్టి నిప్పు పుట్టించడానికి అది పనికివస్తుంది. పర్వతాల్లో తిరిగే మనిషి తన సానను నడుముకే కట్టుకున్నాడన్నమాట. మైదానాల్లో ఆ అవసరం పడలేదు, ఎందుకంటే అక్కడ సానే మనిషి రూపంలో గడపకు వచ్చేది. తెలుగు పల్లెల్లో రోళ్లకు కక్కు కొట్టేవారు, కొడవలికి పళ్లు పెట్టే కమ్మరి అట్లాంటివారే. కమ్మరికి కూలి పైకంగా కాక పంట కళ్లంలో గింజలుగా ముట్టేది. ఆ పెద్దమనిషి సొంత జిల్లాలోని కోనసముద్రం ఉక్కు ఒకనాడు పర్షియా దాకా కత్తుల కోసం ఎగుమతి అయింది. చరిత్ర పుస్తకాల్లో 'వూట్జ్'గా స్థిరపడిన మాట మన 'ఉక్కు' నుంచే పుట్టిందని పండితులు చెబుతారు. కత్తి కీర్తి రాజుల ఖాతాలో పడింది. కొలిమి ఊదినవాడి పేరు ఏ శాసనానికీ ఎక్కలేదు.

ఆధునిక శాసనంలో మాత్రం అతడికి చోటుంది. 2014 నాటి వీధి వర్తకుల చట్టం వస్తువులు అమ్మేవారినే కాక ప్రజలకు సేవలు అందించేవారినీ వీధి వర్తకులుగానే నిర్వచించింది. తిరుగుతూ పనిచేసేవారినీ గుర్తించింది. పట్టణ వర్తక కమిటీల్లో కనీసం 40 శాతం సభ్యులు వీధి వర్తకుల నుంచే ఎన్నిక కావాలని, వారిలో మూడో వంతు మహిళలు ఉండాలని చెప్పింది. ఆ కమిటీల్లో కాలనీ సంఘాలకూ ప్రాతినిధ్యం కల్పించింది, అంటే వీధి ఎవరిదన్న ప్రశ్నను ఇరుపక్షాలూ ఒకే బల్ల ముందు తేల్చుకోవాలన్నది దాని ఉద్దేశం. 2020లో వచ్చిన పీఎం స్వనిధి పథకం పదివేల రూపాయల తొలి రుణానికి అర్హులను వివరిస్తూ క్షురకులు, చెప్పులు కుట్టేవారు, పాన్ దుకాణాలు, లాండ్రీలు అని కొన్ని వృత్తులను పేర్కొని, 'మొదలైనవి' అన్నది. సాన పట్టేవాడు ఆ 'మొదలైనవి'లో ఉన్నాడు. చట్టం ఇచ్చిన ఆ చోటును కూడా గేటు పుస్తకం ఒక్క గీతతో కొట్టేసింది.

భద్రత అన్న మాటను తేలికగా తీసుకోనక్కరలేదు. అయితే కత్తి విషయంలో మన చట్టం భద్రతను ఎట్లా చూసిందో గమనించాలి. 2016 ఆయుధ నియమాల ప్రకారం 9 అంగుళాలకు మించిన పొడవు లేదా 2 అంగుళాలకు మించిన వెడల్పు ఉన్న కత్తి ఆయుధం. ఇంటి పనికి, వ్యవసాయానికి, శాస్త్ర, పారిశ్రామిక అవసరాలకు చేసిన కత్తులకు మినహాయింపు. చట్టం కొలిచినది ఉక్కుతోపాటు ప్రయోజనాన్ని కూడా. రాజ్యాంగం 25వ అధికరణ వివరణలో సిక్కుల కృపాణానికి రక్షణ ఇచ్చినప్పుడూ అదే వివేకం కనబరిచింది. ఆ వివేకాన్ని తలకిందులు చేసే మాట 2022 డిసెంబర్ 25న కర్ణాటకలోని శివమొగ్గలో వినిపించింది. నాటి భోపాల్ ఎంపీ ప్రజ్ఞా సింగ్ ఠాకూర్ ఇళ్లలో ఆయుధాలు ఉంచుకోవాలని, ఏమీ లేకపోతే కూరగాయలు తరిగే కత్తులనైనా పదునుగా పెట్టుకోవాలని పిలుపునిచ్చారు. పోలీసులు కేసు నమోదు చేశారు. కేసు సంగతి ఎట్లా ఉన్నా, వంటింటి కత్తిని పొరుగువాడి వైపు తిప్పి చూపించిన మాట గాలిలో మిగిలిపోయింది.

అట్లాంటి గాలి వీచినప్పుడే పేర్లు అడగడం మొదలవుతుంది. 2024 జూలైలో కాఁవడ్ యాత్ర మార్గంలోని తినుబండారాల దుకాణాలపై యజమానుల పేర్లు రాయాలని ముజఫర్‌నగర్ పోలీసులు ఆదేశించారు. జూలై 22న సుప్రీంకోర్టు దాన్ని నిలిపివేస్తూ, ఏ ఆహారం వడ్డిస్తున్నారో చెబితే చాలునన్నది. సర్వోన్నత న్యాయస్థానం తీర్పులు కాలనీ గేటు దాకా రావడానికి సమయం పడుతుంది. అక్కడి పుస్తకంలో తండ్రి పేరు గడి ఏ దొంగను పట్టుకోవడానికో ఎవరూ చెప్పరు. ఇరవై ఏళ్లు నిప్పురవ్వల చుట్టూ పిల్లల్ని నిలబెట్టిన మనిషి పేరు ఆ కాలనీలో ఒక్కరికీ తెలియదు, ఎవరికీ ఆ అవసరం పడలేదు. అవసరం పడిన రోజు అతడు ఆ గడులు చూసి, సైకిల్ వెనక్కి తిప్పుకున్నాడు. అతడి పేరు ఏమిటన్నది ఇక్కడా అప్రస్తుతమే.

తరువాతి సమావేశంలో పెద్దమనిషి లేచి, తాను సంతకం పెట్టిన తీర్మానాన్ని తానే ప్రశ్నించాడు. తన ఇంటికి ప్లాస్టిక్ సాన తెచ్చిన కుర్రాడు ఫోన్‌లోని నాలుగంకెలు చెప్పి లోపలికి వచ్చాడని, అతడి తండ్రి ఎవరని ఎవరూ అడగలేదని గుర్తుచేశాడు. కంపెనీ పంపిన అపరిచితుడికి లేని పరీక్ష ఇరవై ఏళ్ల పరిచితుడికి ఎందుకన్నాడు. కొందరు తలలూపారు. ఒకరు 'కాలం బాగోలేదు సార్' అన్నారు. పక్కింటి ఆవిడ తన కత్తెర కూడా మొద్దుబారిందని చెప్పింది. విషయం వచ్చే సమావేశానికి వాయిదా పడింది.

ఆ ఆదివారం ఆయన తన కత్తిని, పక్కింటి కత్తెరను, పై అంతస్తు వారి రెండు కత్తులను పాత వార్తాపత్రికలో చుట్టి గుడ్డసంచిలో వేసుకుని బయలుదేరాడు. గేటు దగ్గర కాపలాదారు లేచి నమస్కరించి తలుపు తీశాడు. సంచిలో ఏముందని అడగలేదు. రోడ్డుకు అవతల గోడ నీడలో సానచక్రం తిరుగుతున్నది.