తొలినాఁటి పునాది

ఇల్లు కట్టునపుడు పునాదిరాయి వేయుటకు మంచి ముహూర్తము చూతుము గాని, జ్ఞాపకములకు ఇల్లు కట్టునపుడు మనమేమియుఁ జూడము. ఆ తప్పు నేను జేసితిని.

మా అమ్మ మంగళహారతులు మధురముగాఁ బాడెడిది. పదేండ్ల క్రిందట ఆమె పాటలను ముప్పదిరెంటిని ఫోనులో ఎత్తి, బడిపంతులైన మావారికి బడివారిచ్చిన ఖాతాలో దాఁచితిని. క్లౌడులో నున్నవి గదా, ఇఁక భయము లేదనుకొంటిని. అమ్మ కాలముచేసినది. నిరుడు మావారు వేఱొక బడికి మాఱిరి. పాత ఖాతా మూయఁబడినది. పాటలును దానితోనే పోయినవి.

నేను దుఃఖించుచుండఁగా, హైదరాబాదులో సాఫ్టువేరు పనిచేయు మా తమ్ముఁడు ఇట్లనెను: "అక్కా, క్లౌడనఁగా మేఘము కాదు, ఎక్కడనో నేలమీఁదనే యున్న యంత్రశాల. దానిని కట్టిన పెద్దవారు సైతము తొలినాఁటి యేర్పాటులకు చిరకాలము కట్టుపడియుండిరి."

అతఁడు చెప్పిన కథ యిది. అమెజాన్ వారు 2006 మార్చి 14 న ఎస్3 అను నిల్వసేవను ఆరంభించిరి. దాఁచినదానిని పలుచోట్ల నుంచుటచే, ఒక యంత్రము చెడినను సేవ ఆగరాదని వారి తలంపు. అందులకొక మూల్యము గలదు: ఉన్నదానిని మార్చి వెంటనే చదివినచో, ఒక్కొక్కప్పుడు పాతదియే కనఁబడవచ్చును. ఆ చిక్కు 2020 డిసెంబరులోఁ గాని తీఱలేదు. నడుమ పదునాలుగేండ్లు ప్రోగ్రాములు వ్రాయువారు దానికిఁ దగిన జాగ్రత్తలు పడవలసివచ్చెను.

2017 ఫిబ్రవరి 28 న ఒక యుద్యోగి ఆజ్ఞ టైపుచేయుటలోఁ బొరపడఁగా, వర్జీనియా ప్రాంతమున అనుకొన్నవానికంటె నెక్కువ సర్వరులు తొలఁగినవి. వస్తువుల జాడ చెప్పు భాగమును అక్కడ ఎన్నో యేండ్లుగాఁ బూర్తిగా ఆపి మరల నడపియుండలేదు. ఆ లోపల అది మిక్కిలి పెరిగినది. లేచుటకు గంటలు పట్టెను. సేవ చెడినదని లోకమునకుఁ దెలుపు పలకయు ఆ ఎస్3 మీఁదనే ఆధారపడియుండుటచే, కొంతసేపు దానినే దిద్దలేకపోయిరి! వంటింట నిప్పంటుకొన్ననాఁడు నీళ్లబిందె యా వంటింటనే యుండిపోయినట్లయినది.

తొలినాఁడు చేసినది తెలివితక్కువ యనరాదు. మామిడిమొక్కను ఎక్కడనైన నాటవచ్చును. వేళ్లు గోడక్రిందికిఁ బోయిన పిమ్మటఁ గదల్పుట దుర్ఘటము. నేను పాటలను దాఁచిననాఁడు అడుగవలసిన ప్రశ్న యొక్కటే: ఈ తాళము ఎవరి చేతిలోనిది?

మా చెల్లెలి పాత ఫోనులో అయిదు పాటలు దొరికినవి. వానిని నా పేరనే యొక ఖాతాలోను, ట్రంకుపెట్టెలోని పెన్‌డ్రైవులోను, చెల్లెలియింటను మూఁడుచోట్ల నుంచితిని. తక్కినవానిని నాకు వచ్చినంతవఱకు మా అమ్మాయికి నేర్పుచున్నాను. "అమ్మమ్మ ఇక్కడ రాగము సాగదీసెడిదా, అమ్మా?" అని అది యడుగును. నేనొక క్షణ మాఁగి, కన్నులు మూసికొని, జ్ఞాపకము తెచ్చుకొని పాడుదును.