చూసిన కట్టడం గురించి చెప్పు

మగ్రిబ్ నమాజు చేసుకుని ఇంటికి వచ్చేసరికి మా అమ్మాయి చిన్న చిన్న అట్టముక్కల కట్ట ఒకటి మా ముందు పెట్టింది. "అబ్బూ, ఈ రోజు నుండి మీరే నా పరీక్షాధికారి. ఇందులో ఒకటి తీసి నా చేతికి ఇవ్వండి. ఒక నిమిషం ఆగి ఇక చెప్పమనండి. రెండు నిమిషాలు కాగానే ఆపండి" అన్నది. ఆంగ్లంలో మా పరిజ్ఞానం బస్సు బోర్డులూ, మందుచీటీలూ కూడబలుక్కోవడం వరకే. ఆ మాటే చెప్పాము. "అర్థం కాకపోయినా ఫరవాలేదు. ఎదురుగా ఒక మనిషి నా ముఖం చూస్తూ కూర్చోవాలి, అంతే" అన్నది.

పిల్లలను విదేశాలకు పంపిన కుటుంబాలకు ఐఈఎల్‌టీఎస్ అనే పేరు కొత్త కాదు. అందులో మాట్లాడే పరీక్ష 11 నుండి 14 నిమిషాలు ఉంటుంది. మొదట ఇల్లు, ఊరు, పని గురించి చిన్న ప్రశ్నలు అడుగుతారు. తరువాత ఒక కార్డు ఇస్తారు. ఒక నిమిషం ఆలోచించుకుని, కావాలంటే కాగితం మీద గుర్తులు రాసుకుని, ఆ విషయం గురించి ఒకటి నుండి రెండు నిమిషాలు ఒంటరిగా మాట్లాడాలి. ఆ పైన అదే విషయం మీద చర్చ. ధారాళంగా పొందికగా చెప్పడం, పదసంపద, వ్యాకరణం, ఉచ్చారణ అనే నాలుగింటిని చూసి 9లో ఇంత అని వేస్తారు. బ్రిటన్‌లో నర్సుగా పేరు నమోదు కావాలంటే మాట్లాడటంలో 7 రావాలి. మా అమ్మాయికి మొదటిసారి 6 వచ్చింది.

ఆనాడు ఆమెకు వచ్చిన కార్డు భవనాల గురించినది. నీకు ఆసక్తి కలిగించిన ఒక భవనం ఏది, ఎక్కడ ఉంది, ఎలా ఉంటుంది, ఎందుకు నచ్చింది అని. శిక్షణ ఇచ్చిన చోట ఈ ప్రశ్నకు అందరికీ ఒకే జవాబు రాసి ఇచ్చారు. దుబాయిలోని బుర్జ్ ఖలీఫా, 828 మీటర్ల ఎత్తు, 2010లో ప్రారంభం. ఆమె ఒక్క అక్షరం తప్పకుండా అప్పజెప్పింది. పరీక్షాధికారి అంతా విని, దాని దగ్గర నిలబడినప్పుడు నీకేమనిపించిందని అడిగారట. విజయవాడ దాటి ఎన్నడూ వెళ్ళని పిల్ల! కాసేపు మౌనంగా ఉండి, మళ్ళీ 828 మీటర్లు అన్నదట.

"నేను అబద్ధం చెప్పినట్టా అబ్బూ?" అని అడిగింది. అక్కడ చూసేది భాషను, నిజానిజాలను కాదని శిక్షణ ఇచ్చినవారు చెప్పారట. వెంటనే జవాబు చెప్పలేకపోయాము. హదీసు విద్యలో తద్లీస్ అని ఒక దోషం ఉంది. ఉల్లేఖకుడు ఒకరి నోటి నుండి స్వయంగా వినకపోయినా, విన్నాడేమో అనిపించే విధంగా చెప్పడం. అది పచ్చి అబద్ధం కాదు, అయినా ముహద్దిసులు దానిని తేలికగా తీసుకోలేదు. ఆడపిల్ల పరీక్ష మీదికి ఇంత పెద్ద విద్యను లాక్కురావడం ఉస్తాదుల అలవాటే కదా అని మేమే నవ్వుకుని ఊరుకున్నాము.

అయితే బట్టీయాన్ని తీసిపారేసే అర్హత మాకు లేదు. మేము తినే అన్నమే దాని మీద. హిఫ్జ్ చేసే పిల్లవాడు ఒక జబర్, ఒక జేర్ మార్చడానికి వీలులేదు. అక్కడ మన మాట కలపకపోవడమే అమానత్. పొరపాటు మరొక చోట జరిగింది. అరబీ సంభాషణను కూడా మేము అదే పద్ధతిలో నేర్పాము. డాక్టర్ వి. అబ్దుర్రహీం గారి అరబీ పాఠ్యపుస్తకం మొదటి పాఠంలోనే ఇల్లు, మసీదు, తలుపు అనే మాటలు వస్తాయి. 27 ఏళ్ళుగా ఆ పాఠం చెబుతున్నాము. ఒక్క పిల్లవాడిని కూడా, మీ ఇంటి తలుపు ఎటువైపు ఉంటుంది, వానొస్తే ఏ మూల కారుతుంది అని అరబీలో అడిగిన పాపాన పోలేదు.

ఆ రాత్రి ఇరవై ఏళ్ళుగా ఎవరికీ చెప్పని సంగతి ఒకటి అమ్మాయికి చెప్పాము. మా మదర్సాకు ఒకసారి అరబ్బు దేశం నుండి ఒక పెద్దమనిషి వచ్చారు. నాజిం గారు మమ్మల్ని పిలిచి, మౌలానా, వారికి మన కట్టడమంతా చూపించండి అన్నారు. ఏ వాక్యానికైనా ఇఅరాబ్ చెప్పగలవాళ్ళం. ఆ పెద్దమనిషి ఎదుట మాత్రం నాలుక కదలలేదు. ఇది మసీదు, ఇది తలుపు అంటూ మొదటి పాఠమే అప్పజెప్పాము. వారు సంస్కారవంతులు, చిరునవ్వు నవ్వి మా చేయి పట్టుకుని నడిచారు. ఆ చేయి పట్టుకోవడమే ఈనాటికీ గుచ్చుకుంటుంది. మా అమ్మాయి కళ్ళలో నీళ్ళు వచ్చేదాకా నవ్వింది. తరువాత, "అయితే మీకు 5 కూడా రాదు అబ్బూ" అన్నది.

అప్పుడు ఒక షరతు పెట్టుకున్నాము. కంటితో చూడని కట్టడం గురించి చెప్పకూడదు. మొదటి రోజు చార్మినార్ ఎత్తుకుంది. 1591, ముహమ్మద్ కులీ కుతుబ్ షా, నాలుగు మీనార్లు. మళ్ళీ అదే రాగం! అర్థం కాకపోయినా రాగం తెలిసిపోతుంది, వేలమంది పిల్లల చేత పాఠాలు అప్పజెప్పించుకున్న చెవి ఇది. లోపలికి వెళ్ళావా అని అడిగితే, "లేదు, గాజుల కోసం వెళ్ళినప్పుడల్లా బయటి నుండి చూశాను" అన్నది. వంటింట్లో నుండి మా శ్రీమతి, "అయితే ఆ గాజుల సంగతే చెప్పవే" అన్నారు. అది కాస్త నయంగా సాగింది గానీ నలభై సెకన్లకే అయిపోయింది.

మూడవ రోజు ఆమె ఉస్మానియా ఆసుపత్రి పాత భవనం చెప్పింది.

1908 సెప్టెంబరులో మూసీ పొంగి నగరాన్ని ముంచెత్తింది. ఆసుపత్రి ఆవరణలో ఉన్న చింతచెట్టు ఎక్కి ఆనాడు నూట యాభై మంది వరకు ప్రాణాలు దక్కించుకున్నారని హైదరాబాదులో పెద్దలు చెబుతారు. తరువాతి కాలంలో, ఏడవ నిజాం మీర్ ఉస్మాన్ అలీ ఖాన్ ఏలుబడిలో, విన్సెంట్ ఎష్ అనే ఆంగ్లేయ వాస్తుశిల్పి నమూనాతో నది ఒడ్డున ఈ భవనం లేచింది. గుమ్మటాలు, పొడవాటి వరండాలు, నదికి ఆవలి గట్టున హైకోర్టు. ఇదంతా మేము రాస్తున్నది, అమ్మాయి చెప్పలేదు. ఆమె నేరుగా వార్డులోకి వెళ్ళింది.

ఆమెకు తొమ్మిదేళ్ళప్పుడు మా అమ్మగారు అక్కడ పదకొండు రోజులు ఉన్నారు. ఆడవారి వార్డు కనుక లోపల మా శ్రీమతి, ఆమె కొంగు పట్టుకుని ఈ పిల్ల. మేము బయట వరండాలో తువ్వాలు పరుచుకుని పడుకునేవాళ్ళం, మందులు తేవడం, చాయి తేవడం మా పని. అమ్మాయి ఆంగ్లంలో చెబుతుంటే "దాదీ", "డ్రిప్", "కిటికీ" అనే మాటలు మాత్రమే మాకు అందాయి. ఆగకుండా చెబుతున్నది, రాగం లేదు, మధ్యలో తడబడుతున్నది, మళ్ళీ అందుకుంటున్నది. ఫోనులో గంట మోగింది, ఆపడం మరచిపోయాము. "రెండు నిమిషాల ఇరవై సెకన్లు అయింది, మీరు ఆపాలి కదా!" అని కోప్పడింది. ఏమి చెప్పావో ఉర్దూలో చెప్పమన్నాము.

దాదీ మంచం పైన కప్పు ఎంతో ఎత్తున ఉండేదట, పడుకుని చూస్తే ఆకాశం లాగా ఉండేదట. రాత్రి పనిలో ఉన్న ఒక నర్సమ్మ ఈ పిల్ల నిద్రపోకుండా తిరుగుతుంటే చూసి, గోడ గడియారం చూపించి, డ్రిప్‌లో నిమిషానికి ఎన్ని చుక్కలు పడుతున్నాయో లెక్కపెట్టి చెప్పమన్నదట. ఆ రాత్రి నుండి అదే ఆమె పని. దాదీ పొద్దున్నే, ఈ రోజు ఎన్ని అని అడిగేవారట. నాకు ఆ భవనం ఎందుకు నచ్చిందంటే, నేను ఏమి కావాలో అక్కడే తెలిసింది అని ముగించిందట.

మేము గోడకు అవతలే పడుకుని ఉన్నాము. పదహారేళ్ళుగా ఈ సంగతి మాకు తెలియదు.

ఇక్కడ ఒక మాట దాచకుండా రాయాలి. అమ్మాయి బ్రిటన్ వెళ్తానన్నప్పుడు మేము నోటితో సరే అన్నాము గానీ మనసుతో అనలేదు. ఒంటరి ఆడపిల్ల, పరాయి దేశం, ఎవరి అండ ఉంటుంది అని బంధువులు అడుగుతారు. ఆ ప్రశ్న మా లోపలా ఉంది, ఇప్పటికీ పూర్తిగా పోలేదు. జీతం చూసి వెళ్తున్నదనే అనుకున్నాము. నర్సింగే ఎందుకు చదివావని ఒక్కసారీ అడగలేదు. ఆ ప్రశ్న అడగడానికి ఒక అట్టముక్క కావలసి వచ్చింది.

పాత భవనాలను నిలుపుకోవాలా, కొత్తవి కట్టుకోవాలా అన్నది మూడవ భాగంలో వచ్చే ప్రశ్న. 2020 జూలై వానలకు ఆ పాత భవనం వార్డులలోకి నీళ్ళు వచ్చాయి, రోగులను తరలించి దానిని మూసివేశారు. నిలుపుకోవాలని మేము, గోడలు నానిపోయిన చోట రోగిని ఎలా పడుకోబెడతారని ఆమె. ఆ వాదన ఆంగ్లంలో మొదలై ఉర్దూలో ముగిసింది. గెలుపు ఆమెదే అని ఒప్పుకోవడం మాకు కొంచెం కష్టంగానే ఉంది.

పోయిన శుక్రవారం జుమా అయ్యాక ఆమెను అఫ్జల్‌గంజ్ తీసుకువెళ్ళాము. దాదీ మంచం పక్కన కిటికీలో నుండి మూసీ కనిపించేదని తన జవాబులో చెప్పింది, అది నిజమో కాదో చూడాలన్నది. భవనం మూసి ఉంది. బయట నిలబడి వేలు చూపుతూ కిటికీలు లెక్కపెట్టింది. ఆ వార్డు ఏదో తేలలేదు. కాసేపు చింతచెట్టు దగ్గర నిలబడి తిరిగి వచ్చాము. బస్సులో కాగితం తీసి, ఆ వాక్యానికి ముందు "నాకు గుర్తున్నంత వరకు" అనే అర్థం వచ్చే ఆంగ్లపు మాటలు చేర్చుకుంది. మాట చక్కగా ఉంది, పరీక్షలో కూడా పనికివస్తుంది అన్నది. మా ముహద్దిసులు ఉంటే సంతోషించేవారు అని మేము అన్నాము.

పరీక్ష వచ్చే గురువారం, ఇన్షా అల్లాహ్. ఈ రాత్రి కట్టలో నుండి తీసిన కార్డు బజారు గురించినది. అమ్మాయి ఇంకా ఆలోచించుకుంటున్నది. మా శ్రీమతి వంటింట్లో నుండి మళ్ళీ గాజుల మాట ఎత్తారు. ఫోనులో రెండు నిమిషాలు పెట్టుకుని కూర్చున్నాము, ఈసారి ఆపాలి.