నల్ల పెన్సిల్ ఒక్కటేనా?

'మాయాబజార్' (1957)లో సావిత్రి కళ్ళకు దిద్దిన గీత ఏ రంగుదో చెప్పండి చూద్దాం! నలుపంటారు. కాని అది బ్లాక్ అండ్ వైట్ చిత్రం. గోధుమరంగు గీసినా, ముదురు ఆకుపచ్చ గీసినా మనకు కనబడేది నలుపో, బూడిదరంగో. తెలుగులో పూర్తి నిడివి రంగుల చిత్రం 'లవకుశ' 1963లో గాని రాలేదు. అప్పటిదాకా వెండితెర నేర్పిన పాఠం ఒకటే: తారల కళ్ళంటే నల్లగీత. ఆ పాఠం మన ఊళ్ళల్లో ఇంకా పోలేదు సుమా!

నాగర్‌కర్నూల్‌లో మా చిన్నమ్మ కూతురొకతె ఉంది. డిగ్రీ చదువుతోంది. కొత్త సినిమా మొదటిరోజు చూడకపోతే దానికి అన్నం సహించదు. వాళ్ళక్క పెళ్ళి చీరలకని గద్వాల పోతూ నన్నూ వెంటబెట్టుకున్నారు. దీని వంతుకు ఆవపువ్వు రంగు నూలు చీర, మెరూన్ పట్టు అంచు. (ఒళ్ళు నూలు, అంచు పట్టు, గద్వాల చీర సొగసే అది.) పిల్ల చీర చూసి మురిసింది. కళ్ళకు పెన్సిల్ కొందామనేసరికి మొహం ముడుచుకుంది.

"నేను నల్లగున్న గదా అక్కా. రంగు పెన్సిళ్ళు తెల్లగున్నోళ్ళకే. నాకు గీస్తే ఆనదు."

"ఎవరన్నరే?"

ఎక్కడో ఫ్యాన్సీ షాపులో అన్నారట. నాకు ఒళ్ళు మండింది. 'ప్రేమనగర్' (1971) రోజుల్లో ఆడపిల్లలు అద్దం ముందు అనుకరించింది చామనఛాయ వాణిశ్రీని కాదూ!

తిరుగు ప్రయాణంలో వనపర్తిలో బస్సు దిగి ఒక గాజుల దుకాణంలో దూరాం. దుకాణం పెద్దమ్మ ట్యూబులైటు కింద ఐదారు పెన్సిళ్ళు పరిచింది. ఆ వెలుగులో నీలం, నలుపు ఒక్కలాగే ఉన్నాయి. పిల్లను వాకిట్లోకి లాగి, దాని ముంజేతి మీద గీతలు గీశాను. (దుకాణంలో నలుగురూ వాడి చూసిన పెన్సిల్ కంటికి తాకించకండి, కండ్లకలక అంటుకోవచ్చు.) గోధుమరంగు ఒంటిరంగులో కలిసిపోయింది. అది మాత్రం నిజంగానే ఆనలేదు! ముదురు నీలం, రాగిమెరుపు తేలి కనబడ్డాయి. వంకాయరంగు గీశానో లేదో, పిల్ల చెయ్యి వెనక్కి తీసుకోలేదు. పసుపుకు ఊదా ఎదురు రంగు కదా, ఆవపువ్వు చీర మీదికి అదే ఖాయం చేశాం. తెల్లగా ఉండే అమ్మాయికి పగటిపూట గోధుమరంగు హాయిగా ఉంటుంది. అంటే ఒంటిరంగును బట్టి పెన్సిల్ మారుతుందే గాని, పెన్సిలే వద్దనడానికి లేదు.

ఇక పాలమూరు ఎండ సంగతి. పెన్సిల్లో ఉండేది మైనమూ నూనే, వేడికి మెత్తబడుతుంది. పది నిమిషాలు ఫ్రిజ్‌లో పెట్టి చెక్కితే విరగదు. రెప్పకు ముందు పొడి పౌడరు అద్ది, వెంట్రుకల మొదళ్ళ వెంబడి చిన్న చిన్న గీతలు గీసి కలపండి. పొడుగ్గా ఒక్కటే గీత లాగితే చెయ్యి వణుకుతుంది. పైన అదే రంగు ఐషాడో పొడి అద్దితే కారదు. రెప్ప లోపలి అంచుకు మాత్రం అక్కడ వాడొచ్చని రాసి ఉన్న కాటుక పెన్సిలే వాడాలి. అక్కడ నలుపు పెడితే కన్ను చిన్నదవుతుంది, లేతరంగు పెడితే విశాలమవుతుంది.

సుర్మా విషయంలో మాత్రం నేను మొండిదాన్ని. కొన్నిటిలో సీసపు ఖనిజం ఉంటుంది, అది పసిపిల్లల మెదడుకు చేటు. ఏమేం కలిపారో రాసి లేని డబ్బీని ఎంత చవకైనా కొనను.

పెళ్ళినాడు మా చిన్నమ్మ కూతురి మొహంలోకి తేరిపార చూసింది. "ఏం పెట్టినవే కండ్లకు?"

"వంకాయ!" అంది పిల్ల.

భోజనాల వేళకు ముగ్గురమ్మాయిలు ఆ పెన్సిల్ అడిగారు. ఇవ్వలేదు. "ఎవలది వాళ్ళు కొనుక్కోండ్రి, వనపర్తిల దొరుకుతది" అంది.