క్రిస్మస్‌కు దాచిన సేమ్యా

2023 డిసెంబరు 5న మిచాంగ్ తుపాను బాపట్ల దగ్గర తీరం దాటేటప్పటికి మా వరి ఇంకా పనలమీదనే ఉంది. మరునాడు పొద్దంతా మోకాటిలోతు నీళ్లలో దిగి తడిసిన పనలు గట్టుమీదికి మోశాము. తొందరపడి కోయించావని ఒకరు, చెప్తే విన్నారా అని ఒకరు, దారిపొడవునా మేమిద్దరం అనుకుంటూనే వచ్చాము. ఇంట్లో కాలు పెట్టేసరికి మాటలు ఆగిపోయాయి. కరెంటు లేదు. ప్రార్థనకుకూడ నోరు రాలేదు.

అమ్మ ఏమీ అడగలేదు. డబ్బాలోని సేమ్యా తీసి నూనెలో ఎర్రగా వేయించింది. (మా ఇంట్లో సేమ్యా అంటే క్రిస్మస్ పాయసానికే. అదీ అందుకు దాచినదే.) పోపులో ఉల్లిపాయ, పచ్చిమిరప, కరివేపాకు, గ్లాసు సేమ్యాకు గ్లాసున్నర నీళ్లు. నీళ్లు బాగా తెర్లాకనే సేమ్యా పోయాలి, లేకుంటే ముద్దయిపోతుంది. పావుగంటలో పళ్లేలు మా ముందున్నాయి.

ఇక చాలునని బదరీవృక్షము క్రింద పడుకున్న ఏలీయాను దూత మందలించలేదు. అప్పము, నీళ్లు పెట్టి లేపాడు. ఆ సంగతి మాకు తరువాత తోచింది. అప్పుడు మాత్రం ఆవిరి ముఖానికి తగిలి, ఆకలి తెలిసిందంతే.

నాలుగు ముద్దలు తిన్నాక "నిమ్మకాయ పచ్చడి ఉందా?" అని ఒకరం అడిగాము. రెండవవారం లేచి జాడీ తెచ్చాము. తెల్లవారగానే పోయి పనలు తిరగవేద్దామనుకున్నాము. అమ్మ బుడ్డిదీపం దగ్గర మోకరించింది. మేమూ చేతులు కడుక్కొని ఆమె ప్రక్కన మోకరించాము.