బల్బుకు అందని లెక్క

జమ్మికుంటలోని ఆ మోటారు రీవైండింగ్ షాపులో కాలిన వార్నిషు వాసన గుమ్మం దగ్గరే ముక్కుకు తగులుతుంది. నేను వెళ్లేసరికి 5 హెచ్‌పీ పంపు మోటారు స్టేటర్ ఒకటి, ఆరు కొసలూ విడదీసి, బల్ల మీద ఉంది. మెకానిక్ ఒక్కో ఫేజుకూ సిరీస్ బల్బు తగిలించాడు. మూడింటికీ ఒకేలా వెలిగింది. ‘‘బల్బు ఎలిగిందంటే వైండింగ్ మంచిగున్నట్టే సార్’’ అన్నాడు. తెగిన తీగనైతే ఈ పరీక్ష ఇట్టే పట్టేస్తుంది. లోపల కొన్ని చుట్లు ఒకదానికొకటి షార్టయితే మాత్రం పట్టలేదు. 230 వోల్టుల 100 వాట్ల బల్బు తీసుకుంటే, వోల్టేజి వర్గాన్ని వాట్లతో భాగించగా వెలుగుతున్న ఫిలమెంటు నిరోధం 529 ఓమ్‌లని తేలుతుంది. అంత నిరోధం ముందు వైండింగ్‌ది నాలుగు ఓమ్‌లైనా మూడైనా వెలుగులో తేడా కంటికి ఆనదు.

అదే స్టేటర్‌కు 12 వోల్టుల బ్యాటరీ తగిలించి, వరుసలో అమ్మీటరు, కొసల మధ్య వోల్టుమీటరు పెట్టి చూశాం. రెండు ఫేజుల్లో 12 వోల్టులకు 3 ఆంపియర్లు, అంటే 4 ఓమ్‌లు. మూడో ఫేజుకు మార్చగానే వోల్టేజి 11.7కు దిగింది, కరెంటు 3.6కు ఎక్కింది. అంటే 3.25 ఓమ్‌లు. మూడింటికీ తీగ ఒకటే, చుట్లూ అన్నే. జాయింటు వదులైతే నిరోధం పెరగాలి. ఇక్కడ తగ్గింది కాబట్టి చుట్లు షార్టయ్యాయన్న అనుమానమే బలం. వోల్టేజి ఒక్కటే చూసినా, కరెంటు ఒక్కటే చూసినా సగం సంగతే తెలుస్తుందని, రెండూ కలిపి చూడటం ప్రతి షాపులోనూ అలవాటు కావాలని నేను గట్టిగా నమ్ముతున్నాను. భాగిస్తే నిరోధం, గుణిస్తే పవర్. ఇంతకు మించిన లెక్క ఇక్కడ అక్కర్లేదు.

అనుభవం ఉండగా మీటర్లెందుకని అడగవచ్చు. ఏ స్లాటులో కాలిందో రంగు చూసి చెప్పే నేర్పును నేను తీసిపారేయను. కానీ ఆ నేర్పు పనికొచ్చేది కాలిపోయాకే. ఇంతకంటే బలమైన అభ్యంతరం ఇంకొకటి ఉంది: నడిచే మోటారుకు ఈ భాగహారం చెల్లదు. నిజమే. ఏసీలో భాగిస్తే వచ్చేది ఇంపెడెన్స్. తీగ నిరోధం అందులో కొంతే. అందుకే బ్యాటరీ పెట్టాల్సి వచ్చింది. పవర్‌కైతే గుణకారం అక్కడా చెల్లుతుంది, 1.732నూ పవర్ ఫ్యాక్టర్‌నూ కలుపుకోవాలంతే. 415 వోల్టులు, 8 ఆంపియర్లు, పవర్ ఫ్యాక్టర్ 0.8 అనుకుంటే 4,600 వాట్లు లోపలికి పోతాయి. 5 హెచ్‌పీ అంటే 3,730 వాట్లు. మిగతాదంతా నష్టమే, అందులో ఎక్కువ భాగం వేడి.

ఇక లో వోల్టేజి. 350 వోల్టులకు పడిపోయినా అంతే పని చేయాలంటే మోటారు దాదాపు 9.5 ఆంపియర్లు లాగాలి. తీగలో వేడి కరెంటు వర్గాన్ని బట్టి పెరుగుతుంది కనుక అది 40 శాతం ఎక్కువవుతుంది. నీళ్లు మాత్రం ఎప్పట్లాగే వస్తుంటాయి, రైతుకు అనుమానం రాదు. తెలంగాణలో 2018 జనవరి 1 నుంచి సాగుకు 24 గంటల ఉచిత కరెంటు ఉంది కాబట్టి ఎంత పవర్ లాగిందో చెప్పే బిల్లూ రాదు. ఓవర్‌లోడ్ రిలే ఉన్నది ఈ అదనపు కరెంటును ఆపడానికే. షాపులో మూల పడేసిన ఒక స్టార్టర్ విప్పి చూస్తే రిలేను తప్పించి వైరు నేరుగా కలిపేసి ఉంది. మోటారు మాటిమాటికీ ట్రిప్పయితే పైరు ఎండిపోతుందన్నది రైతు భయం, అందులో తప్పేమీ లేదు. కానీ మోటారు కాలితే రీవైండింగ్ అయ్యేదాకా పొలానికి నీళ్లే ఉండవు. ట్రిప్పయిన మోటారు చల్లారాక, వోల్టేజి కోలుకున్నాక మళ్లీ తిరుగుతుంది.